గీత తర్వాత ఖాళీ

ఎనిమిదోసారి మోగుతోంది. ఆ ఇంట్లో ఫోను మెట్ల కింద గోడకి ఉంటుంది, డోరా గారు పై గదిలో ఉంటే దాని దగ్గరికి దిగి రావడానికి పన్నెండు మోతలు పడుతుంది, ఏడాదిన్నరగా ఆ ఇంట్లో అద్దెకుంటున్నదాన్ని, ఏ మెట్టు దగ్గర ఆవిడ మోకాలు పట్టేస్తుందో కూడా నాకు తెలుసు. తొమ్మిది. పది. దిగుతూ ఉంటారు. ఒక చెయ్యి గోడ మీద, రెండో చెయ్యి కోటు జేబులో, ఈమధ్య ఇంట్లో కూడా కోటు విప్పడం లేదు ఆవిడ. పన్నెండు. పదమూడు. తియ్యండి డోరా గారూ, మిమ్మల్ని ఒక్క మాట అడగాలి, మీ పేరేమిటి, మీరు ఏ ఏడు పుట్టారు, అంతే, పొద్దున్న మీ తలుపు కొట్టి జవాబు రాకపోతే వచ్చేశానన్న సంగతి నేను ఎత్తను, మీరూ ఎత్తకండి. ఇరవై దాటాక పెట్టేశాను. గోడ మీద గడియారం ఒంటిగంటా ఐదు చూపిస్తోంది.

"పదినిమిషాలాగి మళ్ళీ చెయ్యి పిల్లా," అంది వాండా గారు తల ఎత్తకుండానే. "రెండింటికి ఈ వారం దిద్దుబాట్లన్నీ బయటి లైబ్రరీలకి పోతాయి. ఆ లోపల దొరికితే దొరికినట్టు. లేకపోతే ఇంకో వారం ఆవిడ చచ్చినట్టే ఉంటుంది, ఏం చేస్తాం."

చచ్చినట్టే ఉంటుంది. ఆవిడ అలాగే మాట్లాడుతుంది, ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో కూర్చుని పేర్లు సరిచేసిన మనిషి, వేడినీటి గొట్టాలు తలమీద టకటకమంటుంటే ఉక్రెయిన్ పాటలు గొణుక్కుంటూ. నేను సమాచార శాస్త్రం చదవడానికి వచ్చినప్పుడు కంప్యూటర్లూ గణితమూ అనుకున్నాను, ఉన్నాయి, కానీ రెండో ఏడు శిక్షణకి నన్ను ఈవిడ దగ్గర పడేశారు, ఇక్కడ పని మనుషుల పేర్లతో. పుస్తకం రాసిన ప్రతి మనిషికీ కేటలాగులో ఒక రికార్డు ఉంటుంది, పేరు, పుట్టిన ఏడు, ఒక చిన్న గీత, గీత తర్వాత ఖాళీ. మనిషి పోయినట్టు తెలిస్తే ఆ ఖాళీలో ఏడు వేస్తాం. దాన్ని ఇక్కడ మూయడం అంటారు. మొదటి రోజు వాండా గారు కుర్చీ నా వైపు తిప్పుకుని, "మా చర్చి ఫాదర్ శవపేటిక మీద మట్టి వెయ్యడానికి మూడు రోజులు తీసుకుంటాడు, మనకి పదిహేను సెకన్లు చాలు, అందుకే రెండు ఆధారాలు చూడందే ముయ్యకు," అంది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు ఆధారాలు. కింద రెండు గీతలు కూడా కొట్టాను.

మూడువందల పన్నెండు పేర్లు ఇచ్చారు నాకు, అన్నీ ముసలి పేర్లు, తెరిచి ఉన్న పేర్లు. రోజుకి నలభై చేసేదాన్ని, ఎవరూ అంత చేయరట. మా ఇంట్లో హైస్కూలు దాటినదాన్ని నేనే, పని ఎక్కువ చేస్తే తప్ప నన్ను ఉంచరని ఒక భయం ఎప్పుడూ పక్కనే నడిచేది. అక్టోబరులో ఒక శుక్రవారం, నాలుగూ నలభై, నలభయ్యో పేరు, ఐదింటికి మా ఊరు సెయింట్ లారెంట్ వైపు వెళ్ళే కారులో చోటు. హాల్డోరా బ్యార్నసన్, 1943, గీత, పుట్టిన ఊరి చోట సరస్సు ఒడ్డున ఉన్న గిమ్లీ. పేపర్లో మరణ ప్రకటన వెంటనే దొరికింది, హాల్డోరా బ్యార్నసన్, 1943లో గిమ్లీలో పుట్టారు, సెప్టెంబరులో పోయారు. అదే పేరు, అదే ఏడు, అదే ఊరు. ఇంకో ఆధారం దేనికనిపించింది. వేశాను. మీట నొక్కినప్పుడు గొట్టాల్లో టకటక ఆగిందని నాకిప్పుడు గుర్తొస్తోంది, నిజంగా ఆగిందో, ఇప్పుడు నేనే ఆపుతున్నానో.

ఆవిడ మా ఇంటావిడే అని నాకెలా తెలుస్తుంది. నాకు తెలిసింది డోరా ఫిన్నీ, భర్త ఇంటిపేరు, కరెంటు బిల్లు మీద కూడా అదే. పొట్టి మనిషి, బూడిద రంగు కోటు, పంటికింద చక్కెర బిళ్ళ పెట్టుకుని దాని మీదుగా కాఫీ తాగుతుంది, ఎండు చేప మీద వెన్న రాసి నా చేతిలో పెట్టి తినేదాకా ఊరుకోదు. పొద్దున్న రెండు కప్పులు పోస్తుంది. ఒకటి తనకి. రెండోది బల్లకి అవతల, కుర్చీ కూడా కొంచెం వెనక్కి లాగి, ఎవరో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చోబోతున్నట్టు. అది వాళ్ళ అన్న స్టెఫాన్‌కి. 1957 నవంబరులో, పంతొమ్మిదేళ్ళవాడు, సరస్సు పైన పేరుకున్న పలచటి మంచు మీద వలలు తీయడానికి వెళ్ళాడు, సరస్సు ఇవ్వలేదు. ఆవిడ ఎప్పుడూ మునిగిపోయాడు అనదు, సరస్సు ఇవ్వలేదు అంటుంది. చల్లారిన కాఫీని వెనక తలుపు తీసి మంచులో పోస్తుంది, అక్కడ చలికాలమంతా ఒక గోధుమరంగు గుంట.

ఒంటిగంటా పదహారు. మళ్ళీ చేశాను. మోగుతోంది, ఎక్కడో దూరంగా, చన్నీళ్ళ అడుగున మోగుతున్నట్టు. మా నాన్న మంచుకింద వల వేసేటప్పుడు ఒక చెక్క పలక వాడతాడు, మంచులో రంధ్రం చేసి దాన్ని లోపలికి దించి తాడు లాగితే అది మంచు అడుగునే పాక్కుంటూ పోతుంది, పోతూ పోతూ పైకి కొడుతుంది, టక్, టక్. పైన నేను నడవాలి, ఏడేళ్ళదాన్ని, టోపీ ఒక చెవి మీంచి ఎత్తుకుని, చప్పుడు ఎక్కడుందో అక్కడ మడమతో గుర్తు పెట్టాలి. నాన్న చదువుకోలేదు, అయినా అనేవాడు, చిట్టీ, వినపడనంత మాత్రాన లేదనుకోకు, నువ్వు తప్పు చోట నిలబడ్డావేమో చూసుకో. ఒకసారి చప్పుడు నా వెనకనించి వచ్చింది. పలక ముందుకే పోయింది, తాడు ముందుకే ఉంది, నాన్న ముందువైపే మంచు తవ్వి దాన్ని తీశాడు. వెనక మాత్రం టక్, టక్, నేను నడిచినంతసేపూ నాతోపాటే. నేను చెప్పలేదు. చెబితే ఇంకోసారి తీసుకెళ్ళడని. అంటే భయపడి నోరు మూసుకోవడం నాకు అప్పటినించే అలవాటన్నమాట. ఇరవై ఒకటి, ఇరవై రెండు. పెట్టేశాను.

మొదటి ఏడు క్లాసులో ప్రొఫెసర్ లెంగ్యెల్ బోర్డు మీద ఒక ఖాళీ గడి గీసి, ఇదేమిటి అన్నాడు. సున్నా అన్నాడొకడు. లేదు అన్నారింకొకరు. ఆయన తల అడ్డంగా ఊపి, లేదు అనడం ఒక జవాబు, ఇక్కడ ఇంకా జవాబే లేదు, ఈ తేడా తెలియనివాళ్ళు ఇప్పుడే ఇంటికి పోవచ్చు అన్నాడు. అందరూ నవ్వారు, నేను రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకే ఎక్కువ మార్కులు.

అక్టోబరు తర్వాత మొదలైంది, అక్టోబరు తర్వాతే, ఇప్పుడు లెక్క వేసుకుంటే. డోరా గారు సరుకుల సంచీతో వచ్చి, "అమ్మాయ్, ఇవాళ ఆ కొట్టు తలుపు నాకు తెరుచుకోలేదు," అంది. మనిషి దగ్గరికెళ్తే దానంతటదే తెరుచుకునే తలుపు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపిందట, కాలు నేలకేసి కొట్టిందట, చివరికి వెనకెవరో వస్తే వాళ్ళతో దూరిందట. "బక్కచిక్కిపోయానేమో, గుమ్మానికి కూడా ఆనడం లేదు," అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బస్సు, స్టాపులో ఆవిడ ఒక్కతే ఉంటే ఆగకుండా పోయింది, రెండుసార్లు. బూడిదరంగు కోటు, తెల్లవారుజాము, మంచు, నాకు ఆశ్చర్యమనిపించలేదు. పక్కింటి కుక్క ఆవిణ్ణి చూసి పదేళ్ళుగా మొరిగేది, మొరగడం మానేసింది. ఆవిడ కంచె దగ్గరికి వెళ్ళి, "ఏరా, నాతో మాటల్లేవా," అంది. అది ఆవిడ వైపు చూస్తోందనుకున్నాను. నా వైపు చూస్తోంది. ఆవిడ లోంచి నా వైపు.

లేదు, ఈ మాట తప్పు. పక్కనుంచి. ఆవిడ పక్కనుంచి.

సోమవారం సాయంత్రం రొట్టె పెట్టెలోంచి ఒక పుస్తకమూ ఒక ఉత్తరమూ తీసి బల్లమీద పెట్టింది. పుస్తకం నలభై ఆకులుంటుంది, 1979లో తను అచ్చువేయించుకున్నది, సరస్సు తీసుకున్నవాళ్ళ పట్టిక. ఊరూరూ తిరిగి రాసిందట, పేరు, పుట్టిన ఏడు, పోయిన రోజు. శవం దొరకని వాళ్ళకి పుట్టిన ఏడూ ఒక గీతా మాత్రమే. "చూడకుండా ఎవర్నీ మూసెయ్యకూడదు అమ్మాయ్," అంది, సరిగ్గా మా మాటే వాడింది, ఎక్కడినించి వచ్చిందో ఆ మాట ఆవిడ నోటికి. ప్రతి ఫిబ్రవరిలో గిమ్లీలో ఆ పేర్లన్నీ పైకి చదువుతారు, నలభై ఐదేళ్ళుగా ఈవిడే చదువుతోంది, ప్రతి గీత దగ్గరా ఒక ఊపిరి సేపు ఆగుతుందట. ఉత్తరం ఆ పేర్లు చదివించే సంఘం వాళ్ళది, కుటుంబసభ్యులకు అని ఉంది పైన. కీర్తిశేషురాలు హాల్డోరా గారి స్మారకార్థం ఈ ఏడు పేర్లు వేరొకరు చదువుతారు. కార్యక్రమ పత్రం అచ్చువేయడానికి పుస్తకం వివరాలు లైబ్రరీ కేటలాగులో చూసి ఉంటారు, చూస్తారు, అందుకేగా మేం పెట్టేది.

"చూశావా, నేను పోయానట. నాకొక్క ముక్క చెప్పలేదు ఎవరూ," అంది డోరా గారు. "పోయింది మా చిన్నాన్న కూతురు. మా నాయనమ్మ పేరే ఇద్దరికీ. నేను రెండు నెలలు ముందు పుట్టి పేరు కొట్టేశానని వాళ్ళమ్మకి కోపం, తనూ అదే పెట్టింది. బతికినంతకాలం దాని ఉత్తరాలు నాకు, నావి దానికి. ఇప్పుడు దాని చావు కూడా నాకే వచ్చింది." పుస్తకం అట్ట నా వైపు తిప్పింది. హాల్డోరా బ్యార్నసన్. శుక్రవారం, నాలుగూ నలభై. నా చేతిలో ఎండు చేప ముక్క ఉంది, దాన్ని నమలడం మానలేదు, అది గుర్తుంది, నమిలి, మింగి, "పొరపాటు పడి ఉంటారు," అన్నాను. పడి ఉంటారు. ఎవరో.

మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. శుక్రవారం నా శిక్షణ మీద వాండా గారు రాసే నివేదిక ఉంది, ఒకే ఆధారంతో మూసినట్టు బయటపడితే అందులో ఏం రాస్తుందో నాకు తెలుసు, మా అమ్మ తను నేలలు తుడిచే స్కూల్లో, చీపుర్లు పెట్టుకునే గదిలో, నా యూనివర్సిటీ గుర్తింపు కార్డు జిరాక్సు తీసి గోడకి అంటించుకుంది. మంగళవారం పొద్దున్న బల్లమీద ఒకే కప్పు. ఆవిడ తాగుతుందనుకున్నాను. కప్పు అవతల వైపు ఉంది, వెనక్కి లాగిన కుర్చీ ముందు. తనకి పోసుకోవడం మానేసింది. "మీకు?" అంటే, "ఆకలీ దప్పికా తెలియడం లేదు," అంది, కోటు మెడదాకా బిగించి. బుధవారం కూడా ఒకటే కప్పు. ఇవాళ వంటింట్లో ఏ కప్పూ లేదు, పొయ్యి చల్లగా ఉంది. పైకి వెళ్ళి తలుపు కొట్టాను. మూడుసార్లు. లోపలినించి ఏమీ లేదు, ఆ తర్వాత కొద్దిసేపటికి ఇంట్లో ఎక్కడో కిందినించి టక్ మని ఒక చప్పుడు, పైపులేమో, నీళ్ళు గడ్డకడితే పైపులు అలా అంటాయి. తలుపు తీసి చూడాలి కదా. ఎవరైనా చూస్తారు కదా. బస్సుకి ఆలస్యమవుతోందని నాకు నేనే చెప్పుకుని, బయట తాళం వేసి వచ్చేశాను. చూస్తే తెలిసిపోతుందని. చూడకపోతే ఇంకా ఖాళీ గడే కదా అని.

పన్నెండున్నరకి, వాండా గారు బంగాళదుంప ముద్దలు వేడి చేసుకుంటుంటే ఆవిడ వీపుతో చెప్పాను అంతా. తిరిగి చూడలేదు. గిన్నెలో చెంచా తిప్పుతూ, "ఒక్క ఆధారం," అంది. "అవును." "నోటుబుక్కులో గీతలు కొట్టుకున్నావు కదే, నేను చూశాను." "అవును." "నివేదికలో రాస్తాను మరి." "రాయండి." అప్పుడు తిరిగింది. "ముయ్యడానికి పేపరు చాలు. తెరవడానికి మనిషి కావాలి. ఫోన్ చెయ్యి, రికార్డులో ఉన్న పేరుతోనే అడుగు, ఏం చెప్పారో ఆ మాటే రాయి, తారీఖు వెయ్యి. అదే ఆధారం. మన పాతవాళ్ళంతా అలాగే చేశారు."

ఒంటిగంటా ఇరవై ఎనిమిది, ఎవరూ తీయలేదు. ముప్ఫై తొమ్మిది, తీయలేదు. పోలీసులకి చెబుదామా అంటే, "రెండింటికి ఇద్దరం నా కారులో వెళ్దాం," అంది వాండా గారు, ఈసారి పాట గొణగడం లేదు. తెర మీద ఆవిడ రికార్డు తెరిచే ఉంది, 1943, గీత, నేను వేసిన అంకెలు నాలుగు. నాలుగు అంకెలు ఒక మనిషిని ఏం చేయగలవు, ఏమీ చేయలేవు, కొట్టు తలుపు కేటలాగు చదవదు, కుక్క చదవదు. అయినా ఈ నాలుగు అంకెలు ఇక్కడినించి ఎన్ని లైబ్రరీలకి పోయాయో, ప్రతిచోటా ఎన్ని తెరల మీద ఆవిడ ఒక్కోసారి పోతోందో, అన్నిసార్లు పోతుంటే మనిషికి అలుపు రాదా. వేలు ఆ అంకెల మీద పెట్టాను. అద్దం చల్లగా ఉంది, మంచంత చల్లగా.

ఒంటిగంటా యాభై ఒకటి. మోగుతోంది. ఎనిమిది. పన్నెండు. పదిహేను. పదిహేడో మోత సగంలో తెగింది.

ఎవరో తీశారు.

గాలి, విశాలమైన చోట తిరిగే గాలి, మెట్ల కింద అంత గాలి ఎక్కడిది. దాని అడుగున టక్, కొంచెం ఆగి, టక్. నేను తెలియకుండానే తలొంచి జుట్టు చెవి మీంచి తప్పించుకున్నాను. వాండా గారు చెప్పినట్టే, రికార్డులో ఉన్న పేరుతో అడిగాను. "హాల్డోరా బ్యార్నసన్ గారున్నారా?"

"ఇంకా రాలేదు," అంది ఒక గొంతు. మగవాడు, చిన్నవాడు, చలిలో నిలబడి మాట్లాడుతున్నట్టు మాటల మధ్య పళ్ళు తాకుతున్నాయి. విసుగు లేదు. "తొందరేం లేదు," అన్నాడు. పెట్టేశాడు.

వాండా గారు లేచి నిలబడింది. "తీశారా?"

"తీశారు."

"ఆవిడేనా?"

"కాదు. ఇంట్లోవాళ్ళు." ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. తాళం నేనే వేశాను. "ఇంకా రాలేదట. తొందరేం లేదట."

ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వింది, ఆ నవ్వులో ఇంతసేపూ పట్టిన భయమంతా ఉంది. "అయితే ఎటో వెళ్ళుంటుంది. నువ్వూ నీ ముఖమూ. పోయినవాళ్ళ గురించి ఇంకా రాలేదని ఎవరంటారు? బతికే ఉంది. రాసెయ్, అన్న మాట అన్నట్టు. ఆరు నిమిషాలుంది."

రాశాను. నాలుగు అంకెలూ చెరిపేశాను, గీత తర్వాత మళ్ళీ ఖాళీ. ఆధారం అన్న చోట, ఫోన్‌లో, ఫిబ్రవరి 13, రచయిత్రి ఇంటినుంచి, అని, పక్కన ఆ మాట, ఇంకా రాలేదు. పోయినవాళ్ళ గురించి ఇంకా రాలేదని ఎవరంటారు. ఎవరూ అనరు. పోయినవాళ్ళే అంటారు, రావలసిన వాళ్ళ గురించి. రెండింటికి తెర ఒక్కసారి వెలిగి, ఈ వారం దిద్దుబాట్లన్నీ వెళ్ళిపోయాయని చూపించింది. తలమీద గొట్టాలు టకటక మొదలుపెట్టాయి.

వాండా గారు కోటు తగిలించుకుంటోంది, ఇంటిదాకా వెళ్ళి చూద్దాం పద అని, అప్పుడు నా బల్లమీది ఫోను మోగింది.

"అమ్మాయ్, నేనే." వెనకాల కప్పుల చప్పుడు, జనం. "గిమ్లీలో ఉన్నాను. పేర్ల రోజు కదా ఇవాళ, రాత్రంతా పడుకుని ఆలోచించాను, నా చావుకి నేనే వెళ్ళకపోతే ఎలా అని. ఐదింటికే వెనక తలుపునించి వచ్చేశాను, నిన్ను లేపడం దేనికని. ముందు వరసలో కూర్చున్నా ఒక్కడూ పలకరించలేదు. ఇప్పుడే, రెండు కావస్తుంటే, ఏమనిపించిందో లేచి మైకు లాక్కున్నాను. అప్పుడు చూశారు అందరూ, ఒక్కసారిగా. మీ గొంతు బాగుందన్నారు. చచ్చినా అంతే ఉంటుందన్నాను." నవ్వుతోంది. "ఆకలేస్తోంది. నాలుగు కేకు ముక్కలు తిన్నాను."

"డోరా గారూ, మిమ్మల్ని మూసింది నేనే. లైబ్రరీలో. అక్టోబరులో."

"ఇంటికొచ్చి తిడతాను. ఇది ఎవరిదో ఫోను."

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు?"

"గంటనించి ఫోన్ చేస్తున్నాను. ఇందాక తీశారు."

కప్పుల చప్పుడు దూరమైంది, ఆవిడ ఏదో గోడవైపు తిరిగినట్టు. నేను ఆడగొంతో మగగొంతో చెప్పలేదు. పేరు చెప్పలేదు.

"ఏమన్నాడు?" అంది.

"ఇంకా రాలేదన్నాడు. తొందరేం లేదన్నాడు."

"అవును," అంది. "పడవ దగ్గరికి నేనెప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేదాన్ని. మా అన్న ఒక్కరోజు కూడా తిట్టలేదు." ముక్కు చీదుకుంది. "ఏడింటి బస్సుకి వస్తాను. కాఫీ పెట్టి ఉంచు. నాకు కూడా ఒక కప్పు పొయ్యి."

ఫోను పెట్టాక కూడా కాసేపు చెయ్యి దానిమీదే ఉంచాను. వాండా గారు కోటు విప్పి, గుండీలు ఒక్కొక్కటే విప్పి, కొక్కేనికి తగిలించి, "ఆవిడే కదా? మంచిది. రెండో ఆధారం కింద ఇది కూడా రాయి. నివేదికలో రెండూ పెడతాను, చేసిన తప్పూ, దిద్దిన తీరూ," అంది. రాశాను. ఫోన్‌లో, ఫిబ్రవరి 13, రచయిత్రి స్వయంగా. ఇది వచ్చే గురువారం వెళుతుంది. మొదటిది మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది, ఆ పుస్తకం ఉన్న ప్రతి లైబ్రరీకీ, ఆవిడ పేరు కింద, అతను అన్న మాట అన్నట్టే.